పరువుగా ఓడిపోవడం మానేసిన ఏడాది

మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి ఒక ఘనమైన సంప్రదాయం ఉండేది. ఎప్పుడూ ఓడిపోయేవాళ్ళం, కాకపోతే పరువుగా ఓడిపోయేవాళ్ళం. పరువుకి మా దగ్గర కచ్చితమైన కొలత ఉంది: పది పాయింట్లు. పదికి లోపు తేడాతో ఓడితే అది మాకు ఓటమి కిందే రాదు. విజయవాడ బస్టాండులో దిగి, ఆటో మాట్లాడుకుని, బంతిని అందరికీ కనపడేలా ఒళ్ళో పెట్టుకుని కాలేజీకి వెళ్ళేవాళ్ళం. పది దాటిందా, సిటీ బస్సులో వెనక తలుపు దగ్గర నిలబడి, బంతిని దుప్పట్లో చుట్టేసి, కాలేజీ వెనక గేటు నుంచి లోపలికి చేరేవాళ్ళం.

మర్నాడు నోటీసు బోర్డు మీద ప్రిన్సిపాల్ గారు స్వదస్తూరీతో రాసేవారు: "మన జట్టు వీరోచితంగా పోరాడి, కేవలం తొమ్మిది పాయింట్ల తేడాతో..." ఆ 'కేవలం' కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. ఓడిపోయామన్న ముక్క మాత్రం అట్టడుగున, పంచాంగంలో వర్జ్యం వేసినంత చిన్న అక్షరాలతో ఉండేది. అది చదవడానికి బోర్డు మీదికి ఎగబాకాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? సగం కాలేజీ మేము గెలిచామనే అనుకునేది.

ఇది తొంభైల మధ్య మాట. మా కోర్టు సైకిల్ స్టాండుకీ, క్యాంటీను వాళ్ళ నీళ్ళ తొట్టికీ మధ్య ఉండేది. ఒక పక్క రింగు బాగానే ఉండేది. రెండో పక్క రింగు తల వంచుకుని ఉండేది. మా ఫలితాలు చూసి సిగ్గుతో వంగిందని అందరూ అంటారు గానీ, నిజానికి క్యాంటీను వాళ్ళు దానికి తాడు కట్టి తువ్వాళ్ళు ఆరేసేవారు. నేను జట్టులోకి ఎలా వచ్చానని అడుగుతారేమో. ఎంపిక జరిగిన రోజున కాన్వాసు బూట్లు ఉన్నది నాకొక్కడికే. వాటిని చూసి అందరూ నన్ను ఆటగాణ్ణి అనుకున్నారు. నేను కూడా నమ్మేశాను. మూడేళ్ళు ఆడాను. ఆ మూడేళ్ళలో నేను రింగులో వేసిన బంతుల కంటే నీళ్ళ తొట్టిలో వేసినవే ఎక్కువ.

మా కెప్టెన్ని అందరం భాయ్ అనేవాళ్ళం. ఆటోనగర్‌లో వాళ్ళ నాన్నగారికి లేతు షాపు. లారీల బ్రేకు డ్రమ్ములు అరిగిపోతే లేతు మీద తిప్పి నున్నగా చేసి ఇస్తారు. తెల్లారేసరికి లారీలు వచ్చి వరస కట్టేవి, డ్రైవర్లందరికీ తొందరే, అందుకని పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా భాయ్ లేతు ముందు నిలబడాల్సిందే. మా కాలేజీలో హాజరు వేసేది పొద్దున పది గంటలకి. భాయ్ కాలేజీకొచ్చేది సాయంత్రం నాలుగు గంటలకి, బంతి కోసం. మూడేళ్ళలో అతన్ని క్లాసులో చూసిన లెక్చరర్లు లేరు. ఒకాయన అయితే భాయ్‌ని వాచ్‌మన్ తమ్ముడనుకుని, తన స్కూటర్ తుడవమన్నాడు. భాయ్ తుడిచాడు కూడా. తుడిచి, "బ్రేకు అరిగింది సార్, షాపుకి పంపండి" అని కూడా చెప్పాడు.

ఆఖరి ఏడాది పరీక్షల ముందు ఆఫీసు వాళ్ళు హాజరు చాలనివాళ్ళ జాబితా అంటించారు. మేము వంతులేసుకుని పలికిన దొంగ హాజరు కలుపుకున్నా భాయ్‌కి ఇంకా పద్దెనిమిది రోజులు తక్కువ. అంటే హాల్ టికెట్ లేదు. హాల్ టికెట్ లేకపోతే పరీక్ష లేదు, డిగ్రీ లేదు. వాళ్ళ నాన్నగారు అప్పటికే తేల్చి చెప్పేశారు: ఈ ఏడాది అయితే అయినట్టు, కాకపోతే ఇక కాలేజీ మాట ఎత్తకూడదు, రెండు పూటలా లేతు దగ్గరే. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ అది. వాళ్ళమ్మగారు ఆటోనగర్ నుంచి పటమట దాకా ఉన్న ప్రతి గడపలోనూ మా అబ్బాయి బీకాం అయిపోయాడని చెప్పేసి, రెండిళ్ళలో టీ కూడా తాగేశారు.

ఒకటే దారి ఉంది. ఆ దారి పేరు ప్రిన్సిపాల్ గారి నోరు. అంతకుముందు ఏటి ఆటల పోటీల రోజున ఆయన స్టేజీ మీద మైకు పట్టుకుని, ఆవేశం ఆపుకోలేక, "మన బాస్కెట్‌బాల్ జట్టు అంతర్ కాలేజీ పోటీల్లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలవనివ్వండి. జట్టు మొత్తానికి ఇరవై రోజుల హాజరు నేనే వేయిస్తాను!" అని ప్రకటించారు. మా ఆట మీద పూర్తి నమ్మకం ఉన్నవాడు మాత్రమే అంత ధైర్యంగా మాటివ్వగలడు.

సరిగ్గా ఆ ఏడే మా వ్యాయామ ఉపాధ్యాయుడు బదిలీ అయి వెళ్ళిపోయారు. జట్టుని చూసుకునే పని స్టాటిస్టిక్స్ మాస్టారి మీద పడింది. కారణం ఒక్కటే, ఆయనకి ఖాళీ పీరియడ్లు ఎక్కువ. మాస్టారు నాలుగడుగుల పదంగుళాల మనిషి. తెల్ల పంట్లాం, తెల్ల చొక్కా, జేబులో నాలుగు రంగుల పెన్నులు. మొదటి రోజు కోర్టుకొచ్చి, బంతిని రెండు చేతులతో ఎత్తి చూసి, "బరువుగానే ఉందే" అన్నారు.

భాయ్ తన సంగతంతా చెప్పుకున్నాడు. మాస్టారు విని, ఒక ప్రశ్న అడిగారు.

"నీకు గెలవాలనుందా నాయనా, పరువుగా ఓడాలనుందా?"

"గెలవాలి సార్."

"రెండూ ఒకేసారి కుదరవు. ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది సార్. పరువుతో హాల్ టికెట్ ఇవ్వరుగా!"

మర్నాడు మాస్టారు ఒక గుడ్డసంచీ తెచ్చారు. అందులో నాలుగు గవ్వలు. కోర్టు మధ్యలో సుద్దముక్కతో అష్టాచెమ్మా గళ్ళు గీసి మా ఐదుగురినీ చుట్టూ కూర్చోబెట్టారు. సైకిల్ స్టాండులో జనం గుమిగూడారు. బాస్కెట్‌బాల్ జట్టు చివరికి తన స్థాయికి తగ్గ ఆట ఎంచుకుందని వాళ్ళు సంతోషించారు.

"మా బామ్మ ఉండేది," మొదలుపెట్టారు మాస్టారు. "పులిజూదంలో ఆవిడని ఓడించిన మొనగాడు కృష్ణా జిల్లాలోనే లేడు. కరణాలు, మునసబులు, ఒక డిప్యూటీ తాసిల్దారూ వచ్చి ఓడిపోయి వెళ్ళారు. అదే బామ్మ అష్టాచెమ్మాలో మా ఐదేళ్ళ చెల్లాయి చేతిలో ఓడిపోయి, గవ్వలు విసిరికొట్టి, రాత్రి అన్నం మానేసేది. ఎందుకంటావ్?" అని నావైపు చూశారు.

"చెల్లాయిగారు తెలివైన పిల్లండి."

"అది ఉత్త మొద్దు. ఇప్పటికీ మొద్దే. పులిజూదంలో అంతా బుర్రే. బుర్రున్నవాడే గెలుస్తాడు. అష్టాచెమ్మాలో గవ్వలున్నాయి. గవ్వకి బామ్మెవరో చెల్లాయెవరో తెలీదు. ఇంకోటి చెప్తా విను. ఒక్క ఆట ఆడితే చెల్లాయి గెలవచ్చు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇరవై ఆటలు ఆడితే మొత్తం మీద బామ్మే పైన ఉంటుంది. అంచేత చెల్లాయి ఏం చేసేదంటే, ఒక్క ఆట గెలవగానే గవ్వలు పరికిణీలో మూటకట్టుకుని పారిపోయేది."

భాయ్‌కి మా అందరికంటే ముందు వెలిగింది. "అంటే మనం ఇన్నాళ్ళూ పులిజూదం ఆడుతున్నాం సార్."

"అదే! రింగు దగ్గరికి పోయి, మీకంటే అడుగు పొడుగున్న వాళ్ళ మధ్యలోంచి బంతి వేద్దామని చూస్తారు. అక్కడ వాళ్ళే పులులు. ఇక నుంచి దగ్గరికి పోవద్దు. దూరం నుంచి వెయ్యండి. ఆ గీత అవతల నుంచి పడితే మూడు పాయింట్లటగా? అదే మన గవ్వ. పడితే పడుతుంది, లేకపోతే లేదు. ఇంకోటి, ఆట పొడుగు తగ్గించాలి. బంతి చేతికొస్తే ముప్పై సెకన్ల దాకా ఉంచుకోవచ్చటగా? ఇరవై తొమ్మిది దాకా ఉంచుకోండి. ఎన్ని తక్కువ విసుర్లు పడితే మనకంత మంచిది."

"మరి సార్," అన్నాను నేను, "ఒక్కటీ పడకపోతే?"

"అప్పుడు డెబ్భై పాయింట్ల తేడాతో ఓడిపోతారు. మహా ఘోరంగా ఓడిపోతారు. ఊరంతా నవ్వుతుంది." ఈ మాట ఎంతో ఆనందంగా అన్నారు. "డెబ్భైతో ఓడినా ఓటమే, ఏడుతో ఓడినా ఓటమే కదా? ఆ ఏడు పాయింట్ల పరువుని అమ్మేసి, గెలిచే అవకాశం కొనుక్కుందాం."

మా కోర్టు మీద మూడు పాయింట్ల గీత అనేదే లేదు. ఆ గీతతో మాకెన్నడూ పనిపడలేదు. భాయ్ ఆటోనగర్ నుంచి పొడుగాటి టేపు తెచ్చాడు, మాస్టారు ముగ్గుపిండితో గీత వేశారు. ఆయన చేతివాటం వల్ల అది మధ్యలో కొంచెం మెలిక తిరిగి, ఒక చోట చిన్న తామరపువ్వు కూడా వచ్చింది.

నెల రోజులు అక్కడి నుంచి విసిరాం. మాస్టారు కుర్చీ వేసుకుని, ప్రతి విసురుకీ నాలుగు రంగుల్లో నోటుపుస్తకంలో గీత పెట్టేవారు. భాయ్ పదేస్తే నాలుగు పడేవి. రోజంతా ఇనుప డ్రమ్ములు ఎత్తిన చేతులవి, బంతి అతని చేతిలో నిమ్మకాయలా ఉండేది. మిగతావాళ్ళకి మూడు. నాకు రెండు. అందులో ఒకటి వేరేవాళ్ళు వేసిన బంతి అని మాస్టారి అనుమానం.

ప్రయోగం ఎలా ఉందో చూద్దామని రైల్వే కాలనీలో ఉద్యోగస్తుల జట్టుతో ఒక ఆట పెట్టుకున్నాం. అందరూ నలభై దాటినవాళ్ళు. వాళ్ళ పొట్టలు ముందు వచ్చేవి, కాసేపాగి వాళ్ళు వచ్చేవారు. ఆ రోజు మా గవ్వ ఒక్కటీ పడలేదు. నలభై రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఆట అయ్యాక వాళ్ళలో ఒకాయన నా భుజం తట్టి, "ఏం పర్లేదు బాబూ, చదువు మీద శ్రద్ధ పెట్టండి" అన్నాడు.

తిరుగుదారిలో జట్టులో తిరుగుబాటు లేచింది. అందరి తరఫునా నేనే మాట్లాడాను.

"సార్, పొట్టలున్నవాళ్ళ చేతిలో నలభై రెండండి! మా మావయ్య రైల్వేలోనే చేస్తాడు. రేపట్నుంచి మా ఇంటికెలా వెళ్ళాలి నేను?"

"వెనక గేటు నుంచి వెళ్ళు. అలవాటేగా," అన్నారు మాస్టారు, నోటుపుస్తకంలోంచి తల ఎత్తకుండా.

అప్పుడు భాయ్ అన్నాడు: "రేయ్ మామా, నీ పరువు పోతే ఓ వారం రోజులు నవ్వుతారు. నాకు హాల్ టికెట్ రాకపోతే నా జీవితమంతా ఆ డ్రమ్ములే తిప్పాల. నీ వారం నాకియ్యలేవా?"

నా వారం ఇచ్చేశాను.

పోటీలు బందరులో. పొద్దున బస్సులో బయల్దేరి, ఉయ్యూరు, పామర్రు దాటుకుంటూ వెళ్ళాం. మాకు మొదటి మ్యాచే అక్కడి ఆతిథ్య కాలేజీ జట్టుతో పడింది. అంతకు ముందు ఏడు వాళ్ళే విజేతలు. వాళ్ళ సెంటర్ని, అంటే రింగు దగ్గర నిలబడే పొడుగాటి ఆటగాణ్ణి, చూసి నేను బస్సు దిగిన చోటే మళ్ళీ బస్సు ఎక్కబోయాను. ఆరడుగుల ఐదంగుళాలని కాగితం మీద ఉంది గానీ నేను నమ్మను. మైదానంలో నిలబడి ఉంటే అతని నీడలో రెండు మేకలొచ్చి పడుకున్నాయి. అతను జరిగినప్పుడల్లా అవి కూడా లేచి జరిగాయి.

అతిథులు కదా అని, ఆట ఎప్పుడు పెట్టమంటారో మమ్మల్నే చెప్పమన్నారు. పొద్దున చల్లపూట ఆడదామా, సాయంత్రమా? మాస్టారు ఒక కిళ్ళీ కొట్టు దగ్గర విచారించి వచ్చి, సాయంత్రం నాలుగింటికి అన్నారు. వాళ్ళ కోచ్ మంచి మనిషి.

"నాలుగింటికి సముద్రపు గాలి లేస్తుందండీ మాస్టారూ. బంతి చెప్పిన మాట వినదు. ఇద్దరికీ ఇబ్బందే."

"గాలి కోసమే వచ్చామండి. విజయవాడలో ఒకటే ఉక్కపోత," అన్నారు మాస్టారు.

పక్కకి వచ్చాక మాకు అసలు సంగతి చెప్పారు. ఇద్దరికీ ఇబ్బందయ్యేది ఏదైనా సరే, బలహీనుడికి లాభమేనట. బాగా ఆడేవాడి ఆట చెడుతుంది. మనకి చెడడానికి ఏముంది గనక?

నాలుగింటికి గాలి లేచింది. ఎలాంటి గాలి అంటే, స్కోరు రాసే ఆయన కాగితాల మీద మూడు ఇటుకలు పెడితే, రెండో ఇటుక కూడా కదిలింది. వాళ్ళ బంతులు కూడా పక్కలకి పోయాయి గానీ, ఆ సెంటర్ మాత్రం రింగు పక్కనే నిలబడి, అల్మారాలో డబ్బా సర్దినట్టు బంతిని లోపల పెట్టేసేవాడు. మేము బంతిని చంటిపిల్లలా చేతులు మార్చుకుంటూ, ఇరవై తొమ్మిదో సెకనుకి దూరం నుంచి విసిరేవాళ్ళం. జనం ఈలలు. "ఏమండోయ్, బంతికి పెళ్ళిచూపులా? ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చూస్తన్నారు!" అని ఒకడు గోడ మీంచి అరిచాడు. మొదటి సగం అయ్యేసరికి వాళ్ళు ఇరవై ఎనిమిది, మేము పదిహేను. రెండో సగంలో ఒక దశలో తేడా పదిహేడుకి పోయింది.

అప్పుడు గవ్వలు పడడం మొదలైంది. భాయ్ వేసింది పడింది. మళ్ళీ భాయ్ వేసింది పడింది. నేను ఒకటి వేశాను. అది స్టేడియం బయటికి పోతుందని అందరూ తలలు తిప్పేశారు. గాలి దాన్ని మెడ పట్టుకుని వెనక్కి తెచ్చి రింగులో వేసింది. అది నా ప్రతిభ అని నేను ఇప్పటికీ మా ఆవిడకి చెబుతుంటాను. వాళ్ళ బంతులు ఇంకా పక్కలకే పోతున్నాయి. స్కోరు చూస్తే వాళ్ళు నలభై, మేము ముప్పై రెండు. ఇంకా ఆరు నిమిషాల ఆట ఉంది.

ఇక్కడ మేము చేసిన పని, భూమ్మీద మా కాలేజీ వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. పండగ చేసుకున్నాం.

"ఎనిమిదిరా! ఎనిమిది! పదిలోపలికొచ్చాం!" అని నేనే మొదలుపెట్టాను. ముగ్గురం కౌగిలించుకున్నాం. ఒకడు ఆటో ఎక్కడ మాట్లాడాలో కూడా ఆలోచిస్తున్నాడు. ఆ తర్వాత బంతి మా చేతికొస్తే ఎవరూ దూరం నుంచి విసరడం లేదు. తేడా మళ్ళీ పది దాటకుండా జాగ్రత్తగా, భద్రంగా, ఎవరికీ హాని కలగకుండా ఆడుతున్నాం. ఏళ్ళ తరబడి నరనరాన ఎక్కిన సంప్రదాయం, నెల రోజుల గవ్వలకి పోతుందా?

మాస్టారు టైమ్ అవుట్ అడిగారు. అంతటి మృదుస్వభావి, తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి మీద పడ్డారు.

"ఏమిట్రా ఆ కౌగిలింతలు? ఎవరికి పెళ్లయింది?"

"ఎనిమిదే సార్ తేడా..."

"ఎనిమిదికి హాజరిస్తానన్నాడా మీ ప్రిన్సిపాలు? అడుగు, ఇతన్ని అడుగు!" అని భాయ్‌ని చూపించారు.

భాయ్ నీళ్ళు తాగుతూ మా ముఖాల్లోకి ఒక్కొక్కళ్ళనీ చూశాడు. ఆ చూపుకి నా మెడ దానంతటదే వంగిపోయింది. వాళ్ళమ్మగారు రెండిళ్ళలో తాగిన టీలు నాకు కళ్ళముందు కనిపించాయి.

మళ్ళీ గీత అవతలికి వెళ్ళిపోయాం. ఒకటి పడింది. రెండు పోయాయి. ఒకటి పడింది. వాళ్ళు కంగారులో మూడు పాయింట్లే చేశారు. ఇంకోటి పడింది. నలభై మూడు, నలభై ఒకటి. ఆఖరి పదిహేను సెకన్లు, బంతి మా దగ్గర. గోడ మీద జనం ఈలలు మానేశారు.

మేము దూరం నుంచే వేస్తామని వాళ్ళకి అప్పటికి తెలిసిపోయింది కనక, ఐదుగురూ గీత దగ్గరికి వచ్చి మమ్మల్ని కాపలా కాస్తున్నారు. భాయ్ సందు చూసుకుని లోపలికి పరిగెత్తాడు. నేను బంతి అందించాను. అతను రింగు కింద ఒంటరిగా ఉన్నాడు. చేతులు ఎత్తితే చాలు, రెండు పాయింట్లు, స్కోరు సమానం, ఇంకో ఐదు నిమిషాల అదనపు ఆట.

భాయ్ రింగు వైపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, బంతి కొట్టుకుంటూ రింగుకి దూరంగా పరుగెత్తాడు.

బందరు బందరంతా నవ్వింది. "అటు కాదు బాబూ, ఇటు! రింగు ఇటుంది!" అని వాళ్ళ ఊరివాళ్ళే జాలిపడి దారి చూపించారు. నాకు పిచ్చెక్కింది. మాస్టారు మాత్రం కుర్చీ మీదకెక్కి చప్పట్లు కొడుతున్నారు. ఐదు నిమిషాలు అదనంగా ఆడితే బామ్మే గెలుస్తుంది. భాయ్‌కి ఆ సంగతి మా అందరికంటే బాగా తెలుసు. ఆ హాల్ టికెట్టేదో ఇప్పుడే తేలిపోవాలి. గీత దాటాడు, తిరిగాడు, విసిరాడు.

బంతి పైకి లేచింది. గాలి తగిలింది. అది రింగుకి ఎడమ పక్కకి పోతోందని నేను ఒట్టేసి చెప్పగలను. వదిలేస్తే బోర్డు పక్క నుంచి పోయి మేకల మీద పడేది. కానీ ఆ సెంటర్ వెనక్కి ఒక్క అంగలో వచ్చి, ఎగిరి, రింగు కంటే ఎత్తులో, దిగుతున్న బంతిని అరచేత్తో చాచి కొట్టాడు. అది పోయి స్కోరు రాసే ఆయన ఇటుకల్ని కొట్టింది. ఈల మోగింది. ఆట అయిపోయింది.

మేము తలలు వంచుకుని సంచులు సర్దుకోవడం మొదలుపెట్టాం. భాయ్ గీత మీదే నిలబడిపోయాడు. అతని దగ్గరికి వెళ్ళి ఏదో ఒకటి అనాలి కదా.

"రెండే భాయ్. రెండే రెండు పాయింట్లు. మన కాలేజీ చరిత్రలో ఇంత తక్కువ..."

"నోర్ముయ్ రా మామా," అన్నాడు భాయ్.

అప్పుడు చూస్తే రిఫరీ స్కోరు బల్ల వైపు మూడు వేళ్ళు చూపిస్తున్నాడు. వాళ్ళ కోచ్ నెత్తి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ సెంటర్ కుర్రాడు "సారీ సార్, సారీ సార్" అంటున్నాడు. మాకేమీ అర్థం కాలేదు. మాస్టారికీ అర్థం కాలేదు. రిఫరీ దగ్గరికొచ్చి విసుగ్గా చెప్పాడు:

"దిగుతున్న బంతిని రింగుకి పైన ముట్టుకోకూడదండీ. ముట్టుకుంటే పడినట్టే లెక్క. మూడు పాయింట్లు. మీరే గెలిచారు. ఈ రూలు కూడా తెలీకుండా వచ్చారా?"

ఎలా తెలుస్తుంది? రింగుకి పైన బంతిని ముట్టుకోగల మనిషి మా కాలేజీ పెట్టినప్పట్నుంచీ పుట్టలేదు. నిచ్చెన వేసుకుని తువ్వాళ్ళు ఆరేసే క్యాంటీను కుర్రాడు తప్ప.

నలభై నాలుగు, నలభై మూడు. గెలిస్తే ఏం చెయ్యాలో మాకు తెలియదు కనక, కాసేపు ఒకళ్ళకొకళ్ళు షేక్‌హ్యాండ్ ఇచ్చుకున్నాం. భాయ్ ఒక్కడే వెళ్ళి ఆ సెంటర్‌ని నడుం దగ్గర పట్టుకుని ఎత్తబోయాడు. అంతకంటే పైకి చేతులు అందలేదు.

మర్నాడు రెండో మ్యాచ్. అదే గాలి, అవే గవ్వలు, అదే గీత. యాభై ఒక్క పాయింట్ల తేడాతో ఓడిపోయాం. మాస్టారు ముఖం వెలిగిపోయింది. "చూశారా? నిన్న పడ్డాయి, ఇవాళ పడలేదు. సరిగ్గా ఇలాగే ఉండాలి!" అని నాలుగు రంగుల్లోనూ రాసుకున్నారు.

ప్రిన్సిపాల్ గారి గదిలోకి మాస్టారు, భాయ్, నేను వెళ్ళాం. ఆయనకి వార్త ముందే అందింది. బల్ల మీద కాగితం, కాగితం మీద లెక్క.

"మొదటి రోజు ఎంతతో గెలిచారు?"

"ఒక్క పాయింటుతో సార్."

"కేవలం ఒక్కటి. రెండో రోజు యాభై ఒకటితో ఓడారు. కలిపితే ఏమైంది? యాభై పాయింట్ల ఓటమి. దీన్ని గెలుపంటారా మాస్టారూ? పోయినేడు తొమ్మిదితోనే ఓడారు. అది ఎంత గౌరవంగా ఉంది!"

"కలపకూడదండి," అన్నారు మాస్టారు.

"ఎందుక్కలపకూడదు? మీరు లెక్కల మనిషే కదా?"

"అందుకేనండి. తమరు స్టేజీ మీద ఒక్క మ్యాచ్ అన్నారు. సగటు అనలేదు. మైకులో అన్నారు."

ప్రిన్సిపాల్ గారు పెన్ను మూత తీస్తూ భాయ్ వంక చూశారు. "ఇంతకీ ఇతనెవరు?"

"మూడేళ్ళుగా మన కాలేజీ కెప్టెనండి."

"ఓహో. నేను వాచ్‌మన్ తమ్ముడనుకున్నాను," అని నిట్టూర్చి, ఇరవై రోజులకి సంతకం పెట్టారు.

హాల్ టికెట్ చేతికొచ్చాక భాయ్‌తోపాటు నేను కూడా ఆటోనగర్ వెళ్ళాను. వాళ్ళ నాన్నగారు లేతు ఆపి, చేతులు మసిగుడ్డకి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆ కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూశారు.

"ఇది పాసైనట్టా?"

"కాదు అబ్బాజాన్. పరీక్ష రాయనిస్తామని."

"రాయనివ్వడానికే బందరు పోయి బంతాట ఆడాలా? మరి పాసవ్వాలంటే ఏం ఆడాలి? హాకీయా?" అని నన్నడిగారు. నేను అనుమానంగానే తల అడ్డంగా ఊపాను. ఆయన కాగితాన్ని మడత నలగకుండా కొడుకు జేబులో పెట్టి, లేతు వైపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగారు. "పరీక్షలయ్యేదాకా పొద్దున షాపుకి రాకు. డ్రైవర్లతో నేను చెప్పుకుంటా. పోయి క్లాసులో కూర్చో."

మర్నాడు పొద్దున పది కాకుండానే భాయ్ తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మూడేళ్ళలో మొదటిసారి హాజరు వేళకి కాలేజీ గేటు ముందు నిలబడ్డాడు. అప్పటికే ప్రిపరేషన్ సెలవులు ఇచ్చేశారు. కాలేజీలో పురుగు లేదు. వాచ్‌మన్ గేటు తియ్యనన్నాడట. భాయ్ హాల్ టికెట్ తీసి చూపించాడట. వాచ్‌మన్ ఆ ఫొటో, ఆ ముఖం, ఆ ఫొటో, ఆ ముఖం చూసి, తాళం తీసి, బీకాం ఆఖరి ఏడాది గది ఎక్కడుందో దగ్గరుండి చూపించాడట. మధ్యాహ్నం నేను బంతి కోసం వెళ్ళేసరికి, ఖాళీ గదిలో, మొదటి బెంచీ మీద, ముందు ఎవరో పాఠం చెబుతున్నంత బుద్ధిగా కూర్చుని చదువుకుంటున్నాడు.